టీకా సూదియు, భుజపు గాయమును: నష్టపరిహార న్యాయముపై ఒక విమర్శ

సంవత్సరములో ఒకనాడు ఆరోగ్య కార్యకర్త ఉన్నత పాఠశాలకు వచ్చి, 10 ఏండ్లు, 16 ఏండ్లు నిండిన పిల్లలకు జబ్బమీద టీడీ టీకా వేయుట ఉపాధ్యాయులు ఎరిగిన సంగతియే. ధనుర్వాతము, కంఠసర్పి అను రెండు భయంకర వ్యాధులనుండి ఆ టీకా రక్షణ నిచ్చును. ఉద్దానములోని పల్లె బడియైనను, నెల్లిమర్ల జూటు మిల్లు చెంతనున్న బడియైనను పద్ధతి ఒక్కటే. సూది పడిన జబ్బ ఆ పూట సలుపును. మరునాటికి కొంచెము బరువుగా నుండును. మూడవనాటికి పిల్లలు దాని మాటయే మరతురు. దాదాపు అందరి విషయమునను కథ ఇంతటితో ముగియును.

కాని మిక్కిలి అరుదుగా కొందరికి, ముఖ్యముగా పెద్దవారికి, ఈ నొప్పి మూడవనాటికి పోదు. మూడు నెలలకును పోదు. చేయి ప్రక్కకు ఎత్తబోయిన భుజము అడ్డుపడును. తల దువ్వుకొనుట, అటకమీది బిందె దించుట, రాత్రివేళ ఆ ప్రక్కకు ఒత్తిగిలి పరుండుట కష్టమగును. పొందూరులో రాట్నము త్రిప్పువారికి, కళింగపట్నములో వల విసరువారికి, పలాసలో జీడిపిక్కలు కొట్టువారికి చేయి ఆడకపోవుట యనగా కూలి ఆగిపోవుటయే. రెక్కాడితేగాని డొక్కాడదన్న సామెత ఇట్టివారి జీవితమునుండి పుట్టినదే. వైద్యులు ఈ గాయమునకు "టీకా వేయుటవలన కలిగిన భుజగాయము" అని పేరు పెట్టిరి. ఆంగ్లములోని పేరునకు మొదటి అక్షరములను కూర్చి దీనిని "సిర్వా" అని పిలుచుచున్నారు.

ఇట్టి గాయము పొందిన మనిషికి పరిహారము ఎవరు చెల్లింపవలెను? అతడు ఏ న్యాయస్థానమును ఆశ్రయింపవలెను? ఏమి ఋజువు చూపవలెను? ఈ ప్రశ్నలకు అమెరికా చట్టము ఒక విధముగను, ఇండియా చట్టము మరియొక విధముగను సమాధానము చెప్పుచున్నవి. రెండింటిని పరిశీలించినచో ఒకే పొరపాటు కనబడును. "తప్పు మందుదా, సూదిదా?" అను ప్రశ్న చికిత్సకును, నివారణకును మిక్కిలి ముఖ్యము. గాయపడినవానికి పరిహారము నిరాకరించుటకు మాత్రము ఆ ప్రశ్న సాకు కారాదు. ఈ భేదమును పాటింపకపోవుటయే ఆ పొరపాటు.

భుజములో జరుగునదేమి?

భుజమున గుండ్రముగా కనిపించు కండరమును డెల్టాయిడ్ అందురు. గ్రీకు అక్షరమైన డెల్టావలె మూడు మూలలు కలిగియుండుటచే ఆ పేరు వచ్చెను. పెద్దలకు వేయు టీకాలలో పెక్కింటిని ఈ కండరపు నడిభాగమున వేయుదురు. దీనికి పైగా, భుజపు కొనయందు, ఎముక అంచు ఒకటి చేతికి తగులును. దాని పేరు అక్రోమియన్. ఆ అంచు క్రింద, కండరమునకును కీలునకును మధ్య, కొద్దిపాటి ద్రవముగల పలుచని సంచి యొకటి కలదు. దీనిని బర్సా అందురు. బండి ఇరుసునకు కందెన యెట్టిదో, భుజపు కదలికకు ఈ సంచి అట్టిది. కండరముల కొనలందలి స్నాయువులు ఎముకతో ఒరసికొనకుండ ఇది కాపాడును.

సూదిని ఎముక అంచునకు రెండు మూడు వ్రేళ్ళ వెడల్పు క్రింద, కండరపు నడుమ, చర్మమునకు నిటారుగా దింపినచో మందు కండరములోనే నిలుచును. కండరమునకు రక్తప్రసారము మెండు. కనుక ఆ మందును దేహము త్వరలో గ్రహించును. సూదిని మరీ పైన వేసినను, బక్కపలుచని చేతికి పొడవైన సూది వాడినను, మందు బర్సాలోనికిగాని స్నాయువులలోనికిగాని పోవచ్చును. టీకా యన్నది శరీరపు రక్షణశక్తిని మేల్కొల్పుటకే తయారైన పదార్థము. కండరములో మేలు చేయు ఆ గుణమే, ఇరుకైన సంచిలో చేరినప్పుడు వాపునకు దారితీయునని పరిశోధకుల ఊహ. కూర్చున్న మనిషికి నిలుచున్న కార్యకర్త టీకా వేయునప్పుడు సూది పైకి పోవుటకు అవకాశము హెచ్చు. చొక్కా చేతిని పూర్తిగా తీయక, మెడవైపునుండి క్రిందికి లాగి వేయునప్పుడును ఇంతే. కావున ఇద్దరును కూర్చుండి, జబ్బ అంతయు కనబడునట్లు చేసికొని టీకా వేయుట మేలు.

2006లో బోడర్, మాంటాల్వో అను వైద్యులు ఇట్టి కేసులను రెంటిని వర్ణించిరి. 2010లో అటనాసాఫ్, ఆమె సహచరులు 13 మంది సంగతిని ప్రకటించిరి. ఆ 13 మందిలో దాదాపు అందరికిని నొప్పి ఒక రోజులోగానే మొదలయ్యెను. సూది మరీ పైన పడినదని వారిలో సుమారు సగముమంది చెప్పిరి. 2011లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అను సంస్థ అప్పటివరకు గల సాక్ష్యములను పరిశీలించి, టీకా ఏదైనను సరే, సూది వేయుటకును డెల్టాయిడ్ క్రింది బర్సా వాపునకును కార్యకారణ సంబంధము నమ్మదగినంత దృఢముగా ఉన్నదని తేల్చెను.

కాకియు, తాటిపండును

కాకి వాలుటయు, తాటిపండు రాలుటయు ఒకే క్షణమున జరిగినంత మాత్రమున, కాకి బరువునకే పండు రాలెనని అనరాదు. దీనినే పూర్వులు కాకతాళీయ న్యాయమనిరి. భుజము నొప్పికి కారణములు పెక్కు. 40 నుండి 60 ఏండ్ల నడుమ, అందును స్త్రీలకు, మధుమేహము గలవారికి, టీకాతో ఎట్టి సంబంధమును లేకుండనే భుజము బిగిసిపోవు జబ్బు వచ్చుట కద్దు. ఏండ్ల తరబడి బరువులెత్తినవారికి స్నాయువులు అరిగి నొప్పి కలుగును. టీకా పొందిన లక్షలమందిలో ఇట్టివారు కొందరుండక తప్పదు. కాబట్టి "టీకా తరువాత వచ్చినది" అను మాటకును, "టీకావలన వచ్చినది" అను మాటకును నడుమగల దూరమును కొలుచుటయే శాస్త్రపు పని.

2020లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధన ఆ దూరమును కొలిచెను. 2016-17లో ఫ్లూ టీకా పొందిన సుమారు 30 లక్షల మంది వైద్య రికార్డులను అందులో పరిశీలించిరి. టీకా పడిన వెంటనే మొదలైన బర్సా వాపులు ఎన్ని? అదే మనుష్యులకు కొన్ని వారముల తరువాత సహజముగా మొదలైనవి ఎన్ని? ఈ రెంటిని పోల్చి చూడగా, 10 లక్షల టీకాలకు సుమారు 8 కేసులు అదనముగా తేలెను. ఈ లెక్క రెండు సంగతులను ఒక్కసారే చెప్పుచున్నది. గాయము నిజము, గాయము మిక్కిలి అరుదు. ఒకటి చెప్పి రెండవదానిని దాచువాడు ఏ పక్షమువాడైనను శాస్త్రమునకు ద్రోహము చేసినట్లే.

ఈ లెక్కను తరగతి గదిలో మరి కొంత ముందుకు నడపవచ్చును. 2011 జనాభా లెక్కల ప్రకారము నాటి శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల జనసంఖ్య కలిపి సుమారు 50 లక్షలు. ప్రతి ఒక్కరును జబ్బకు ఒక టీకా పొందిరనుకొనినచో, ఆ రేటున అదనపు కేసులు 40. అమెరికాలో ఫ్లూ టీకాకు వచ్చిన రేటు ఇచటి ప్రజలకును, ఇతర టీకాలకును అట్లే వర్తించునని అనరాదు. సమస్య ఎంతటిదో ఊహించుటకు మాత్రము అది పనికివచ్చును. 50 లక్షలమందిలో 40 మంది యనగా సమాజమునకు స్వల్పసంఖ్య. ఆ 40 మందిలో ఒక్కొక్కరికి మాత్రము తన భుజము స్వల్పము కాదు. నష్టపరిహార న్యాయము పుట్టినది ఈ తేడానుండియే. అందరి మేలు కొరకు సాగు పనిలో ఏ కొద్దిమందికో నష్టము కలిగినప్పుడు, ఆ నష్టమును వారిమీదనే వదలివేయుటయా, అందరును పంచుకొనుటయా అన్నది ప్రశ్న.

అమెరికా పట్టికలోని వెలుగును, నీడయు

పంచుకొనుటయే న్యాయమని అమెరికా 1986లో ఒక చట్టము చేసెను. దానిక్రింది ఏర్పాటు 1988 అక్టోబరు 1న మొదలయ్యెను. ప్రతి టీకా మోతాదుపై, అది నివారించు ఒక్కొక్క వ్యాధికి 75 సెంట్ల చొప్పున పన్ను వసూలు చేసి ఒక నిధిలో వేయుదురు. గాయపడినవారు వైద్యునిమీదగాని, మందు తయారుచేసిన కంపెనీమీదగాని మొదట దావా వేయనక్కరలేదు. ప్రత్యేక న్యాయాధికారుల యెదుట, ప్రభుత్వ ఆరోగ్యశాఖ కార్యదర్శిని ప్రతివాదిగా పేర్కొని అర్జీ పెట్టుకొందురు. ఎవరిదో తప్పున్నదని ఋజువు చేయవలసిన పనిలేదు. గాయపు ఫలితము ఆరు నెలలకు మించి ఉండవలెను. మొదటి లక్షణము కనబడిన మూడేండ్లలోగా అర్జీ వేయవలెను. బాధకును వేదనకును ఇచ్చు సొమ్ము 2,50,000 డాలర్లకు మించరాదు. అర్జీ సద్బుద్ధితో, తగిన ఆధారముతో వేసినదైనచో, ఓడినను వకీలు ఫీజు నిధినుండియే చెల్లింతురు. ఈ చివరి నియమము చిన్నదిగా కనబడును గాని, బీదవానికి న్యాయస్థానపు గడప ఎక్కుటకు అదియే మెట్టు.

ఈ ఏర్పాటులో ముఖ్యమైనది గాయముల పట్టిక. పట్టికలోనున్న గాయము అందు చెప్పిన గడువులోపల కనబడినచో, టీకాయే కారణమని న్యాయస్థానము ముందుగానే భావించును. కాదనదలచిన ప్రభుత్వమే వేరు కారణమును చూపవలెను. 2017 మార్చి 21న భుజగాయము ఈ పట్టికలో చేరెను. దానికి నాలుగు షరతులు: నొప్పికి కారణము కాదగిన పాత జబ్బు ఆ భుజమునకు ఉండరాదు, టీకా పడిన 48 గంటలలోగా నొప్పి మొదలు కావలెను, నొప్పియు, కదలిక తగ్గుటయు టీకా పడిన భుజమునకే పరిమితము కావలెను, ఆ లక్షణములను వివరింపగల ఇతర వ్యాధి ఉండరాదు.

ఈ షరతులలోని తెలివి మెచ్చదగినది. సూది ఎంత ఎత్తున పడినదో ఎవరును కొలిచి వ్రాయరు. సూది గుర్తు కొన్నాళ్ళకే మాసిపోవును. అల్ట్రాసౌండ్ పరీక్ష వాపును చూపగలదు గాని, నెలల క్రిందట సూది పోయిన త్రోవను చూపలేదు. కనుక దొరకని సాక్ష్యమును అడుగుటకు మారుగా, దొరకు సాక్ష్యమైన కాలమును పట్టిక అడుగుచున్నది. 2010 నాటి 13 కేసులలో నొప్పి వెంటనే మొదలగుట చూచిన తరువాత, కాలమును గుర్తుగా తీసికొనుట అశాస్త్రీయము కాదు.

అయినను పట్టికకు నీడయు కలదు. 47వ గంటలో నొప్పి మొదలైనవానికి చట్టము తోడుండును. 49వ గంటలో మొదలైనవాడు నిపుణులను పిలిపించి కారణమును తానే నిరూపించుకొనవలెను. ప్రకృతిలో 48వ గంటయొద్ద గోడ ఏదియు లేదు. మరియొక వైపున, సహజముగా రాబోవు భుజపు బిగుతు దైవవశమున రెండవనాడే మొదలైనచో దానికిని పరిహారము దక్కవచ్చును. కావున పట్టికను సత్యమును కనుగొను యంత్రమని భ్రమపడరాదు. సందేహము మిగిలినప్పుడు దాని లాభము ఎవరికి దక్కవలెనో ముందుగానే నిర్ణయించిన ఒడంబడిక అది. ఒడంబడికగా చూచినప్పుడు అది న్యాయమైనదే. శాస్త్రనిర్ణయముగా చూపినప్పుడు మాత్రము అది తన హద్దు దాటును.

అసలు విమర్శింపదగినది 2020లో జరిగినది. ఇటీవలి సంవత్సరములలో ఆ నిధికి వచ్చు అర్జీలలో సగమునకు పైగా భుజగాయములవే. 2020 జూలైలో అమెరికా ఆరోగ్యశాఖ భుజగాయమును పట్టికనుండి తొలగింప దలపెట్టెను. వారి ముఖ్యవాదము ఇది: ఈ గాయము టీకా మందువలన కలిగినది కాదు, సూది సరిగా వేయకపోవుటవలన కలిగినది, కావున టీకా గాయముల చట్టము దీనికి వర్తింపదు, తప్పుగా సూది వేసినవారిమీద మామూలు దావా వేసికొనవచ్చును. 2021 జనవరిలో ఈ మార్పును నియమముగా ప్రకటించిరి. ప్రభుత్వము మారిన పిమ్మట, అది అమలులోనికి రాకమునుపే, 2021 ఏప్రిల్ 22న దానిని రద్దుచేసిరి. ఆశ్చర్యమేమనగా, 2010లో ఈ గాయమును వర్ణించి లోకమునకు తెలిపినవారు ఆ శాఖకు చెందిన వైద్యులే.

ఆ వాదములో సగము నిజము కలదు. సూది పడిన చోటు ముఖ్యమన్నది నిజము. కాని మందు తనంతట తాను దేహములోనికి రాదు. సూది దానికి దారి. వండినవారు, వడ్డించినవారు వేరైనను భోజనము ఒక్కటే. గాయపడినవాడు ఒప్పుకొనినది టీకా వేయించుకొనుటకు; మందునకు వేరుగా, సూదికి వేరుగా అతడు ఒప్పుకొనలేదు. పైగా, ఉత్త సూదికంటె టీకా మందు వాపును హెచ్చించునన్న పరిశోధకుల ఊహ నిజమైనచో, మందును పూర్తిగా నిర్దోషియనుటకును వీలులేదు. నిధి ఖర్చయిపోవునన్న భయము ఉన్నచో పరిహారపు మొత్తమును తగ్గింపవచ్చును, షరతులను బిగింపవచ్చును. ఖర్చు తగ్గించుటకై కారణమునకు పేరు మార్చుట శాస్త్రమును లెక్కల గుమాస్తాగా వాడుకొనుటయే.

ముల్కోవాల్ నేర్పిన పాఠము

మందునకును, వేయు విధానమునకును గల భేదము నిజముగా ఎచట పనికివచ్చునో ఈ దేశపు చరిత్రయే చెప్పును. 1902లో పంజాబులోని ముల్కోవాల్ గ్రామమున హాఫ్కిన్ తయారుచేసిన ప్లేగు టీకా వేయగా, ఒకే సీసానుండి టీకా పొందిన 19 మంది ధనుర్వాతముతో మరణించిరి. నింద హాఫ్కిన్ ప్రయోగశాలమీద పడెను. ఆయన పదవి కోల్పోయెను. మందు ప్రయోగశాలలో చెడలేదనియు, సీసా తెరచునప్పుడు వాడిన పరికరము సరిగా శుద్ధికాకపోవుట కారణము కావచ్చుననియు తరువాత తేలెను. రొనాల్డ్ రాస్ వంటి శాస్త్రజ్ఞులు ఆయన పక్షమున వాదించిరి. 1907లో ఆయన నిర్దోషిగా బయటపడెను. బొంబాయిలోని ఆ ప్రయోగశాలకే 1925లో హాఫ్కిన్ పేరు పెట్టిరి.

ఇచట "మందా, చేతి పొరపాటా?" అన్న ప్రశ్న మందును కాపాడెను, ఒక శాస్త్రజ్ఞుని కాపాడెను, శుద్ధి నియమములను కట్టుదిట్టము చేయవలసిన అవసరమును చాటెను. ఆ ప్రశ్నకు తగిన పని అది. మరణించిన 19 మంది కుటుంబముల దృష్టిలో మాత్రము, కారణము ప్రయోగశాలలో ఉన్నను గ్రామములో ఉన్నను నష్టము ఒక్కటే. నేరము ఎవరిదో తేల్చుట వేరు, నష్టము ఎవరు భరింపవలెనో తేల్చుట వేరు.

ఇండియాలో గల దారులు

టీకా తరువాత కలుగు దుష్ఫలితములను పరిశీలించుటకు ఇండియాలో జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిలలో కమిటీలు కలవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణను అనుసరించి కారణనిర్ణయము జరిపిన కేసును ఒక తరగతిలో చేర్చుదురు: మందు సహజగుణమువలన కలిగినది, మందు తయారీ లోపమువలన కలిగినది, టీకా వేయుటలోని పొరపాటువలన కలిగినది, భయాందోళనవలన కలిగినది, కాకతాళీయమైనది, తేల్చుటకు వీలుకానిది. సూది పైన పడి కలిగిన భుజగాయము ఇందు మూడవ తరగతికి చెందును. అమెరికా శాఖ ఏ కారణముచే దీనిని బయటికి నెట్టచూచెనో, ఆ కారణమునకే ఇచట ఒక గడి సిద్ధముగా నున్నది. ఇది మెచ్చదగిన సంగతి. అయితే కమిటీ నిర్ణయము టీకా కార్యక్రమమును సరిదిద్దుటకు ఏర్పడినదేగాని పరిహారము ఇప్పించుటకు కాదు. గడిలో కేసు చేరును. గాయపడినవాని చేతిలోనికి ఏమియు చేరదు.

కేసు గడిలో చేరుటయు అంత తేలిక కాదు. మరణము, ఆసుపత్రిలో చేరిక వంటివి వెంటనే కంటబడును. భుజగాయము మొదటివారమున మామూలు నొప్పివలెనే యుండును. అది అంగవైకల్యముగా తేలుటకు నెలలు పట్టును. అప్పటికి టీకా సంగతి అందరును మరచియుందురు. 2022 మే 2న జేకబ్ పులియెల్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇచట గుర్తింపదగినది. టీకా దుష్ఫలితములను ప్రజలును, ప్రైవేటు వైద్యులును నేరుగా తెలుపుటకు వీలు కల్పింపవలెనని ఆ తీర్పు ఆదేశించెను.

ఇక దావా మాట. ప్రైవేటు క్లినిక్కులో రుసుము చెల్లించి టీకా వేయించుకొన్నవారు, రెండేండ్లలోగా, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చును. శ్రీకాకుళము, విజయనగరము పట్టణములలో ఆ కమిషన్లు కలవు. కాని 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసెను: అందరికిని ఉచితముగా చేయు వైద్యసేవ వినియోగదారుల చట్టము క్రిందికి రాదు. 2019 నాటి క్రొత్త చట్టములోను ఉచితసేవకు మినహాయింపు నిలిచెను. దీని ఫలితమును విద్యార్థులు సైతము గ్రహింపగలరు. ఒకే టీకా, ఒకే పొరపాటు, ఒకే గాయము. పట్టణపు క్లినిక్కులో కొన్ని వందలు చెల్లించినవానికి ఆ తలుపు తెరచియుండును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోగాని, బడిలోగాని ఉచితముగా పొందినవానికి అది మూసియుండును. టీకా అవసరమైనప్పుడు ప్రభుత్వము ముందుగా వెదకునది బీదవానినే. గాయమైనప్పుడు వినియోగదారుడు కానివాడును అతడే.

అతనికి మిగిలిన దారి సివిలు కోర్టు. ప్రభుత్వ ఆసుపత్రి ఉద్యోగుల నిర్లక్ష్యమునకు ప్రభుత్వము బాధ్యత వహింపవలెనని 1996లో అచ్యుతరావు ఖోడ్వా కేసులో సుప్రీంకోర్టు చెప్పియుండెను. కనుక ఈ దారి మూతపడలేదు. కాని నడచుట కష్టము. ప్రభుత్వమునకు రెండు నెలల ముందు నోటీసు ఇయ్యవలెను. పిమ్మట నిర్లక్ష్యమును ఋజువు చేయవలెను. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో చెప్పినట్లు, పొరపాటు ప్రతిదియు నిర్లక్ష్యము కాదు. సాధారణ నైపుణ్యము గలవారు చూపు జాగ్రత్తను చూపకపోవుటయే నిర్లక్ష్యము. రోజంతయు వరుసలో నిలిచినవారికి టీకాలు వేసిన కార్యకర్త సూది ఒక అంగుళము పైకి పోయెననుకొందము. అది నిర్లక్ష్యమగునా? ఆ అంగుళమును ఎవరు కొలిచిరి? మాసిపోయిన సాక్ష్యమునే చట్టము అడుగుచున్నది. పైగా ఇది గాయపడిన కూలిని, తక్కువ జీతముతో ఊరూర తిరిగి పనిచేయు కార్యకర్తను బోనులో ఎదురెదురుగా నిలుపును. ఇద్దరిలో ఎవరు గెలిచినను టీకా కార్యక్రమమునకు ఓటమియే.

కోవిడ్ టీకాల విషయమున ఈ చిక్కు దేశమంతటికి కనబడెను. టీకా తరువాత బిడ్డలను కోల్పోయిన తల్లిదండ్రులు 2021లో సుప్రీంకోర్టుకు వెళ్ళగా, 2022 నవంబరులో కేంద్రప్రభుత్వము తన అఫిడవిట్టులో, అరుదైన దుష్ఫలితములకు ప్రభుత్వమును నేరుగా బాధ్యునిచేయుట న్యాయసమ్మతము కాదనియు, నష్టపరిహారము కోరువారు సివిలు కోర్టులను ఆశ్రయింపవచ్చుననియు చెప్పెను. మహమ్మారి టీకాకు మాత్రమే పరిమితమైన ఏర్పాటు ఏదైనను, ఏటా బడిలో వేయు టీడీ టీకాకు చాలదన్న సంగతి ఇచట మరువరాదు.

శ్రీకాకుళము జిల్లాకు మరియొక అనుభవము కలదు. 2021 ఫిబ్రవరిలో పలాస మండలమున ఒక గ్రామ వలంటీరు కోవిడ్ టీకా తరువాత మరణించగా, రాష్ట్ర ప్రభుత్వము ఆ కుటుంబమునకు 50 లక్షల రూపాయల సహాయము ప్రకటించెను. ఆ మరణమునకు టీకాయే కారణమని ఆ ప్రకటనకు అర్థము కాదు. సహాయము చేయుట మంచిపనియే. కాని అది దయ, హక్కు కాదు. దయ మరణమును చూచి కరుగును, వార్తను చూచి కదలును. ఎత్తలేని చేయి వార్త కాదు. హక్కు యొక్క గొప్పతనము అది ఎవరి కంటను పడకున్నను నిలిచియుండుటలోనే కలదు.

రెండు ఆక్షేపణలు

పరిహారము ప్రకటించినచో ప్రజలు టీకాకు భయపడుదురని కొందరందురు. గాయమును ఒప్పుకొనుటవలన భయము పుట్టదు. గాయపడినవానిని "ఇది నీ ఊహ" అని పంపివేయుటవలన పుట్టును. అట్టివాడు సంతలో చెప్పుకొను మాటకు లెక్కలు, హద్దులు ఉండవు. 10 లక్షలకు 8 అన్న లెక్క వైద్యుని నోట వినబడినచో ధైర్యమునిచ్చును. దాచి, తరువాత బయటపడినచో అనుమానమునిచ్చును.

తప్పు ఋజువు కానిదే సొమ్ము ఇచ్చుట ఈ దేశపు న్యాయమునకు క్రొత్తయని మరికొందరందురు. అదియు నిజము కాదు. మోటారు వాహనముల చట్టము 164వ సెక్షను క్రింద, ఎవరి తప్పో నిరూపింపకుండనే, రోడ్డు ప్రమాదమున తీవ్రగాయము పొందినవానికి 2,50,000 రూపాయలు లభించును. 2019 నాటి క్రొత్త మందుల ప్రయోగ నియమములు, ప్రయోగములో గాయపడినవానికి నిర్లక్ష్యము చూపనక్కరలేకుండ పరిహారము ఏర్పరచినవి. తనకై బస్సు ఎక్కినవానికి, ప్రయోగమునకు సమ్మతించినవానికి వర్తించు సూత్రము, ఊరంతటి మేలునకై జబ్బ చాపినవానికి వర్తింపరాదనుటకు హేతువు కనబడదు.

ఇందుకు పెద్ద యంత్రాంగమును కట్టనక్కరలేదు. కమిటీలు ఇప్పటికే తేల్చుచున్న మూడవ తరగతి నిర్ణయమునకు డబ్బు విలువ కల్పించిన చాలును. ఆరు నెలలు దాటిన గాయమునకు చికిత్స ఖర్చు, పోయిన కూలి చెల్లించి, కార్యకర్తకు శిక్షకు మారు శిక్షణ ఇచ్చినచో, పొరపాటును దాచుటకు ఎవరికిని కారణముండదు. దాచని పొరపాటే సరిదిద్దబడును.

అంతవరకు ఉపాధ్యాయులు చేయదగిన పని కొంత కలదు. టీడీ టీకా నాడు కార్యకర్తకు ఒక కుర్చీ, పిల్లవానికి ఒక కుర్చీ వేయించుట మొదటిది. ఏ చేతికి, ఏ తేదీన, ఏ వేళకు టీకా పడినదో కార్డుమీద వ్రాయించుట రెండవది. వారము దాటినను చేయి చెవి ఎత్తునకు లేవనివారిని గుర్తించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారికి వ్రాతమూలకముగా తెలుపుట మూడవది. రేపు న్యాయస్థానము అడుగబోవు సాక్ష్యము ఈ రెండు మూడు వాక్యములే. కాకి వాలిన వేళను, పండు రాలిన వేళను వ్రాసి యుంచినవాడే, ఒకటి రెండవదానికి కారణమా కాదా యని నిర్ణయించుటకు అర్హుడగును. విజ్ఞాన శాస్త్రము నేర్పునదియు, న్యాయశాస్త్రము కోరునదియు ఈ అలవాటునే.